గ్రూప్స్ బిట్టులో ఇరుక్కుపోయిన రాయబారి వెంట: కోజికోడ్ నుంచి హంపి దాకా

"రెండవ దేవరాయల కాలంలో విజయనగరానికి వచ్చిన పర్షియా రాయబారి ఎవరు?" గ్రూప్స్‌కి చదివిన వాళ్ళెవరినైనా అడగండి, అబ్దుల్ రజాక్ అని టక్కున చెప్తారు. కొంచెం బాగా చదివిన వాళ్ళయితే ఇలాంటి నగరాన్ని కన్ను చూడలేదు, చెవి వినలేదు అని ఆయన రాసిన మాట కూడా చెప్తారు. అక్కడితో ఆయన పని అయిపోతుంది. ఆ ఒక్క వాక్యానికి ముందూ వెనకా ఆయన ఏం రాశాడో, ఎందుకు వచ్చాడో, వచ్చి ఏం పడ్డాడో మనకి ఎవరూ చెప్పలేదు. నేను ఈ మధ్య ఆయన ప్రయాణ భాగం మొత్తం ఇంగ్లీషు అనువాదంలో చదివాను, చదివాక ఊరికే ఉండలేక, ఆయన మన దేశంలో నడిచిన దారి పట్టుకుని ఒక వారం తిరిగొచ్చాను. నాతో మా బావమరిది వచ్చాడు. వాడు బ్యాంకులో పని చేస్తాడు, చరిత్ర మీద పెద్ద ఆసక్తి లేదు కానీ లెక్కలు కనిపిస్తే వదలడు.

బయల్దేరే ముందు మనిషి గురించి నాలుగు మాటలు. పూర్తి పేరు కమాలుద్దీన్ అబ్దుర్ రజాక్ సమర్‌ఖందీ. పేరులో సమర్‌ఖంద్ ఉన్నా పుట్టింది 1413లో హెరాత్‌లో, అంటే ఇప్పటి అఫ్గానిస్తాన్‌లో. తండ్రి తైమూరు కొడుకు షారుఖ్ దర్బారులో ఖాజీ, ఇమాము. 1437లో తండ్రి పోయాక ఈయన అరబ్బీ వ్యాకరణం మీద ఒక వ్యాఖ్య రాసి షారుఖ్‌కి అంకితమిచ్చి కొలువు సంపాదించాడు. అంటే కత్తి పట్టిన మనిషి కాదు, వ్యాపారి కాదు, చదువుకున్న గుమాస్తా తరహా మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, 1442 జనవరిలో, "హిందూస్తాన్ వెళ్ళిరా" అని పంపేశారు. సముద్రం అంటే ఆయనకి ప్రాణభయం. పర్షియా గల్ఫు రేవు హోర్ముజ్‌లో ఓడ ఎక్కగానే ఆ వాసనకే స్పృహ తప్పి మూడు రోజులు పడి ఉన్నానని, ఊపిరి ఒక్కటే ఆడుతుండేదని తనే రాసుకున్నాడు.

శనివారం, కోజికోడ్

ఏప్రిల్ చివర్లో వెళ్ళాం, కావాలనే. ఆయన విజయనగరం చేరింది 1443 ఏప్రిల్ చివర్లో కాబట్టి ఆ ఎండ ఎలా ఉంటుందో ఒంటికి తెలియాలనుకున్నాను. కోజికోడ్‌లో దిగేసరికి ఎండ కంటే ఉక్క ఎక్కువ, చొక్కా తడిసిపోయింది.

ఆయన ఈ ఊరికి వచ్చింది 1442 నవంబరులో. అరేబియా తీరంలో గాలి కలిసి రాక నెలల తరబడి ఇరుక్కుపోయాడు. మస్కట్‌లో ఎండ ఎలా ఉందంటే ఎముకల్లో మూలుగ ఉడికిందట, ఒరలో కత్తి మైనంలా కరిగిందట. అక్కడే జబ్బు పడ్డాడు, వెంట వచ్చిన అన్న ఆ తీరంలోనే చనిపోయాడు. ఖల్హాత్ రేవులో ఓడెక్కి పద్దెనిమిది రోజులకి కాలికట్, అంటే ఈ కోజికోడ్, చేరాడు. అన్నని పోగొట్టుకుని, జ్వరం పూర్తిగా తగ్గకుండానే దిగిన మనిషి ఈ తీరాన్ని ఏ కళ్ళతో చూసి ఉంటాడో బీచ్‌లో నిలబడితే నాకు కొంచెం అర్థమైంది. మనం అతని పుస్తకంలో నుంచి అద్భుతాలు మాత్రమే ఏరుకుంటాం. ఈ అన్న చావు గురించి పరీక్షల పుస్తకంలో ఎక్కడా ఉండదు.

మధ్యాహ్నం వలియంగాడి వీధిలోకి వెళ్ళాం. బియ్యం బస్తాలు, సుగంధ ద్రవ్యాలు, లారీలు, తోపుడు బళ్ళు, నడవడానికి చోటు లేదు. అబ్దుర్ రజాక్ కాలికట్‌ని పొగిడింది ఇలాంటి బజారు కోసమే. ఇక్కడ వర్తకులు సరుకు దించి వీధిలో వదిలేసి వెళ్ళిపోవచ్చు, కాపలా పెట్టక్కర్లేదు, సుంకం అధికారులే చూసుకుంటారు అని రాశాడు. అమ్ముడుపోతే నలభయ్యో వంతు సుంకం, అమ్ముడుపోకపోతే ఏమీ లేదు. ఇది చెప్పగానే మా వాడు ఆగిపోయాడు.

"బావా, రెండున్నర శాతం. అదీ అమ్మితేనే. ఇంక ఓడలు ఇక్కడికి రాక ఎక్కడికి పోతాయి?"

వాడి మాటలో విషయం ఉంది. గాలికి దారి తప్పి వచ్చిన ఓడని వేరే రేవుల్లో అయితే దేవుడు పంపిన సొమ్మని దోచేసేవాళ్ళు, కాలికట్‌లో మాత్రం ఎక్కడి నుంచి వచ్చినా, ఎక్కడికి పోతున్నా మామూలు ఓడలాగే చూసేవాళ్ళు. ఈ ఊరి నావికులు ఎంత సాహసులంటే వాళ్ళని చైనా బిడ్డలు అని పిలిచేవారట. పోర్చుగీసు వాళ్ళు రావడానికి ఇంకా యాభై ఏళ్ళ పైనే ఉంది.

అయితే ఊరు నచ్చింది కానీ దర్బారు నచ్చలేదు. సామూతిరి, అంటే మనం జామొరిన్ అని చదువుకున్న రాజు, ఈయన తెచ్చిన గుర్రాన్ని, బట్టల్ని చూసి పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి సామూతిరి తరఫున వెళ్ళిన మనుషుల మాటలు విని, ఇక్కడ ఏదో పెద్ద అవకాశం ఉందనుకుని షారుఖ్ రాయబారిని పంపాడు. తీరా వస్తే అలాంటిదేమీ లేదు. నెలల పాటు ఇక్కడ మనసు చంపుకుని కూర్చున్నాడు. సాయంత్రం కుట్టిచిర చెరువు గట్టున కూర్చుని ఆ పేజీలు మళ్ళీ చదివాను. పక్కనే మిష్కాల్ మసీదు, చెక్కతో అంతస్తులంతస్తులుగా, మలబారు ఇంటి కప్పుతో. 1510లో పోర్చుగీసు వాళ్ళు తగలబెడితే మళ్ళీ కట్టుకున్నారు. అబ్దుర్ రజాక్ ఊళ్ళో రెండు జుమ్మా మసీదులు ఉన్నాయని రాశాడు, చెరువు చుట్టూ ఉన్న ఈ పాత పేటలో ఎక్కడో ఆయన శుక్రవారాలు గడిచి ఉంటాయి.

ఆదివారం, రైల్లో మంగళూరుకి

ఈ రోజు చెప్పడానికి పెద్దగా లేదు. ఆయన పడవలో వెళ్ళాడు, మేం రైల్లో వెళ్ళాం. కిటికీలో ఒక పక్క కొబ్బరి చెట్లు, మధ్యమధ్యలో నదుల మీద పొడుగాటి వంతెనలు, దూరంగా సముద్రం.

ఆయన్ని కాలికట్ నుంచి కదిలించింది ఒక ఉత్తరం. విజయనగరం రాజు నుంచి సామూతిరికి కబురొచ్చింది, షారుఖ్ రాయబారిని వెంటనే మా దగ్గరికి పంపించు అని. సామూతిరి విజయనగరానికి సామంతుడు కాదు, అయినా భయపడ్డాడు. ఆ రాజుకి కాలికట్ లాంటి రేవులు మూడు వందలున్నాయని అబ్దుర్ రజాక్ విన్నాడు. నాకు ఇక్కడ ఆసక్తిగా అనిపించింది ఇది: మన పుస్తకాల్లో విజయనగరం ఆయన చూడాలని కలలుగన్న గమ్యం లాగా ఉంటుంది. అసలు ఆయన వచ్చిన పని వేరు, విజయనగరం ఆయన్ని పిలిపించుకుంది. ఎందుకంటే అప్పట్లో ఒక దర్బారుకి దూరదేశపు రాయబారి రావడమంటే పరువు. తైమూరు కొడుకు పంపిన మనిషి పక్క రేవులో కూర్చుని ఉంటే విజయనగరం చూస్తూ ఊరుకోలేదు.

సోమవారం, మంగళూరు

మంగళూరు నుంచి మూడు ఫర్సఖ్‌ల దూరంలో, అంటే మన లెక్కలో సుమారు పదహారు పదిహేడు కిలోమీటర్లలో, పోత కంచుతో చేసిన గుడి చూశానని రాశాడు. చదరంగా, ఒక్కో పక్క పది గజాలు, ఎత్తు ఐదు గజాలు, ముందు మనిషంత బంగారు విగ్రహం, కళ్ళకి రెండు కెంపులు, ఎటు నిలబడినా మన వంకే చూస్తున్నట్టు ఉంటాయని. అలాంటి గుడి ఇప్పుడు లేదు. నేను కద్రి మంజునాథ గుడికి వెళ్ళాను, అక్కడి లోకేశ్వరుడి కంచు విగ్రహం కోసం. మూడు ముఖాలు, ఆరు చేతులు, ఆళుప రాజు కాలంలో 968లో ప్రతిష్ఠించినట్టు శాసనం ఉంది. ఈ తీరంలో కంచు పోత పోసేవాళ్ళ చెయ్యి ఎలాంటిదో అది చూస్తే తెలుస్తుంది. ఆయన రాసిన కంచు గుడిని ఊరికే కొట్టిపారెయ్యాలని నాకు అనిపించలేదు.

ఒక మాట చెప్పాలి. ఆయన ఈ గుళ్ళని విగ్రహారాధన అని ఒప్పుకోడు, అక్కడక్కడా గట్టి మాటలే రాస్తాడు. కానీ పనితనం దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది, చెక్కిన చెయ్యిని మెచ్చుకోకుండా ఉండలేడు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే. నచ్చనిదాన్ని నచ్చలేదని చెప్పేవాడు మెచ్చుకున్నప్పుడు ఆ మాటకి బరువుంటుంది.

మంగళవారం, శిరాడి ఘాట్ మీదుగా బేలూరు

పొద్దున్నే బస్సు. ఘాట్ ఎక్కేకొద్దీ గాలి చల్లబడింది, ఉక్క వదిలింది. ఆయన కూడా కొండ దాటాక "బిలూర్" లాంటి పేరున్న ఊరు చేరానని, ఇళ్ళు మేడల్లా ఉన్నాయని, అక్కడి గుడి చాలా దూరం నుంచే కనిపిస్తుందని, ఉన్నదున్నట్టు రాస్తే అతిశయోక్తి అంటారని భయమేస్తోందని రాశాడు. ఇది బేలూరా, బిదనూరా అని చరిత్రకారులు వాదించుకున్నారు. బిదనూరు పెద్ద ఊరయింది చాలా తరవాత, కెళది నాయకుల కాలంలో. అందుకే నా ఓటు బేలూరుకే.

చెన్నకేశవుడి గుడి విష్ణువర్ధనుడు 1117లో కట్టించింది. దూరం నుంచి కనిపించే గోపురం మాత్రం హొయసలులది కాదు. పాతది కాలిపోతే 1397లో విజయనగరం సేనాని గుండ మళ్ళీ కట్టించాడు. అంటే అబ్దుర్ రజాక్ ఈ దారిన వచ్చేటప్పటికి దానికి యాభై ఏళ్ళు కూడా నిండలేదు. లోపల మదనికల దగ్గర, అంటే భంగిమలు పెట్టి నిలబడిన ఆడ శిల్పాల దగ్గర, మా వాడు చాలాసేపు నిలబడిపోయాడు. ఒక శిల్పంలో చేతి కంకణం తిరుగుతుందని ఎవరో చెప్తే దాన్ని వెతికే పనిలో పడ్డాడు.

బుధవారం

రోజంతా బస్సులోనే. చిత్రదుర్గం దాటాక భూమి రంగు మారిపోయింది, ఎర్రమట్టి, తుమ్మచెట్లు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు. రాత్రి హోసపేట.

గురువారం, హంపి

ఇక్కడి నుంచి నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే ఆయన కూడా ఇక్కడే నెమ్మదించాడు.

కమలాపురం దగ్గర ఆటో దిగితే ఒక పెద్దాయన గైడు పలకరించాడు. బళ్ళారి వైపు తెలుగు.

"యాడ నుంచి వచ్చినారు సార్? లోటస్ మహల్ చూద్దురా ముందు, రాతిరథం చూద్దురా?"

"రెండూ కాదన్నా. ప్రౌఢదేవరాయల, అదే రెండవ దేవరాయల, కాలంలో ఉన్నవి ఏమేం ఉన్నాయో అవి చూపించు."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "అట్లయితే సగం హంపి లేదు సార్ మీకు" అన్నాడు. నిజమే. మనం సెల్ఫీలు దిగే రాతిరథం ఆ తరవాతి శతాబ్దానిది. కృష్ణదేవరాయలు ఇంకా పుట్టలేదు. అయినా ఆ పెద్దాయన మమ్మల్ని తీసుకెళ్ళిన మొదటి చోటు నేను కలలో కూడా ఊహించనిది.

తళారిఘట్టం వెళ్ళే రోడ్డు పక్కన, చెట్ల మధ్య, రాతి స్తంభాల మంటపం ఒకటి. దూరం నుంచి ఏ గుడి మంటపమో అనుకుంటాం. అది అహ్మద్ ఖాన్ మసీదు, పక్కన గోరీ. ప్రౌఢదేవరాయల కొలువులో పని చేసిన అహ్మద్ ఖాన్ 1439లో రాజుకి పుణ్యం రావాలని కట్టించాడు, శాసనంలో దాన్ని ధర్మశాల అన్నారు. గుమ్మటం లేదు, మీనార్లు లేవు, స్తంభాలు అచ్చం ఇక్కడి పనితనం. అబ్దుర్ రజాక్ ఊళ్ళో అడుగు పెట్టేనాటికి దీని వయసు నాలుగేళ్ళు! దేవరాయలు తన సైన్యంలో తురక విలుకాళ్ళని చేర్చుకున్నాడని, వాళ్ళు నమస్కరించడానికి ఇబ్బంది పడకుండా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడని తరవాతి కాలపు చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. అంత దూరం సముద్రం మీద వణుకుతూ వచ్చిన హెరాత్ మనిషికి ఈ ఊళ్ళో తన భాష మాట్లాడేవాళ్ళు, తన నమాజు చేసేవాళ్ళు ఉన్నారు. ఇది తెలిశాక ఆయన రాసింది వేరేగా వినిపించింది నాకు.

తరవాత కోట లోపలికి. ఏడు ప్రాకారాలు ఒకదానిలో ఒకటి అని రాశాడు. మొదటి మూడింటి మధ్య పొలాలు, తోటలు, ఇళ్ళు, మూడు నుంచి ఏడు దాకా కిక్కిరిసిన అంగళ్ళు, నడుమ రాజు నగరు. ఇప్పుడు అరటితోటల మధ్య గోడ ముక్కలు కనిపిస్తాయి, ఏది ఎన్నో ప్రాకారమో నిలబడి లెక్కపెట్టడం కుదరదు. కానీ పొలాలు కోట లోపలే అన్న మాట మాత్రం ఇక్కడ కళ్ళకి కడుతుంది. ముట్టడి వచ్చినా తిండి లోపలే పండుతుంది. చెక్కి నునుపు చేసిన రాతి కాలువల్లో నీళ్ళు పారుతున్నాయని రాశాడు, ఆ రాతి తొట్లు స్తంభాల మీద ఇప్పటికీ వరసగా నిలబడే ఉన్నాయి. గులాబీలు లేకుండా ఈ జనం బతకలేరు, వాటిని అన్నం అంత అవసరం అనుకుంటారు, అన్నిచోట్లా అమ్ముతారు అని కూడా రాశాడు. నాకు ఆ వాక్యం "కన్ను చూడలేదు" వాక్యం కంటే ఎక్కువ ఇష్టం.

మధ్యాహ్నం ఎండలో నిలబడింది నూరు స్తంభాల సభామంటపం పునాది మీద. స్తంభాలు పోయాయి, అవి నిలిచిన గుంటలు పదికి పది వరసలుగా మిగిలాయి. రాజదర్శనం ఘట్టం అక్కడ కూర్చుని చదివాను. ఐదు మేలు గుర్రాలు, రెండు పళ్ళాలలో తొమ్మిదేసి పట్టు బట్టలు కానుక. రాజు నలభై స్తంభాల శాలలో కూర్చున్నాడు, సన్నగా, పొడుగ్గా, చామనఛాయ, ఇంకా కుర్రవాడే, గడ్డం రాలేదు, మెడలో ముత్యాల పేట. దుబాసీ ద్వారా, పెద్ద రాజు నా దగ్గరికి రాయబారిని పంపినందుకు మనసు చాలా సంతోషంగా ఉందని చెప్పాడు. ఇంతలో హెరాత్ చలికి సరిపోయే బట్టల మీద బట్టలు వేసుకున్న అబ్దుర్ రజాక్‌కి చెమటలు కారిపోతున్నాయి. రాజు అది గమనించి తన చేతిలోని చైనా విసనకర్ర ఇచ్చాడు. ఎన్ని శాసనాలు చదివినా ఆ రాజు ఎలాంటివాడో ఇంత బాగా తెలియదు.

ఇదే ప్రౌఢదేవరాయల సభలో మన శ్రీనాథుడు గౌడ డిండిమభట్టుని ఓడించి అతని కంచుఢక్క పగలగొట్టించాడని, ముత్యాలశాలలో కనకాభిషేకం చేయించుకున్నాడని చాటువుల్లో వింటూ పెరిగాం. ఒకాయన పద్యంతో వచ్చాడు, ఇంకొకాయన ఉత్తరంతో వచ్చాడు, ఇద్దరూ ఆ ఒక్క రాజు ఎదటే నిలబడ్డారు. ఆ పునాది రాళ్ళ మీద కూర్చుని ఇది తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరించింది, దాచుకోవాల్సిన పని లేదు.

దర్శనం అయ్యాక ఒక పళ్ళెంలో తాంబూలం, అయిదు వందల పణాలున్న సంచి, పచ్చకర్పూరం ఇచ్చి పంపారు. రోజూ బసకి రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్ళు, బియ్యం, నెయ్యి, చక్కెర, రెండు వరహాలు. వారానికి రెండుసార్లు సాయంత్రం పూట పిలుపు. ఒకసారి రాజు అన్న మాట ఆయన రాశాడు. మీ రాజులు రాయబారిని పంక్తిలో కూర్చోబెట్టుకుని భోజనం పెడతారు, మనం కలిసి తినే వీల్లేదు కదా, ఈ బంగారు సంచే నీకు మేం పెట్టే విందు అనుకో అని దాని అర్థం. సాయంత్రం భోజనశాల అనే చోట, కాలవకి రెండు వైపులా రాతిలో తొలిచిన విస్తళ్ళు, గిన్నెల గుంటల దగ్గర నిలబడి ఇది మా వాడికి చదివి వినిపించాను. వాడు లెక్కలేవీ అడగలేదు.

శుక్రవారం, హంపి

పొద్దున్నే మహానవమి దిబ్బ. రాయలు కళింగ విజయం తరవాత కట్టించాడని చెప్తారు కానీ కింది వరసల్లో చెక్కినవి అంతకంటే పాతవి. ఏనుగులు, వేట, కోలాటం, గుర్రాలు పట్టుకున్న పరదేశులు, టోపీలు పెట్టుకుని ఆడుతున్న తురకలు. అబ్దుర్ రజాక్ లాంటివాళ్ళు ఈ ఊరికి ఎంత అలవాటో ఈ రాళ్ళే చెప్తాయి. మూడు రోజుల పండగని ఆయన ఊపిరి బిగబట్టి రాశాడు. అంతస్తుల మీద అంతస్తులుగా మంటపాలు, అలంకరించిన ఏనుగులు, తెర తియ్యగానే వరసగా వచ్చే ఆటకత్తెలు. ఒక ఏనుగుని పొడుగాటి దూలం ఒక కొస మీద నిలబెట్టారట, రెండో కొసకి దాని బరువంత రాయి కట్టి. సంగీతానికి తగ్గట్టు తొండం ఊపుకుంటూ ఆ ఏనుగు పైకీ కిందకీ ఊగుతూ ఉంది. ఏనుగులకి కిచిడీ వండి, ఉప్పూ చక్కెరా కలిపి, ముద్దలు చేసి, వెన్నలో ముంచి నోటికి పెట్టేవాళ్ళని కూడా రాశాడు. గజశాల ముందు నిలబడి ఇది చదువుతుంటే పక్కన స్కూలు పిల్లలు మా చుట్టూ మూగిపోయారు, ఏనుగు కిచిడీ గురించి మళ్ళీ చెప్పమన్నారు.

అక్కడి నుంచి దణాయకుని ఆవరణ. హంపి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది ఇటు రారు. గోడలు, ఒక కావలి బురుజు, పక్కనే టంకశాల అని చెప్పే చోటు. నాకు మాత్రం ఈ యాత్ర మొత్తంలో ఇదే ముఖ్యమైన చోటు, ఎందుకంటే రాయబారి బతుకు అసలు రంగు తెలిసేది దణాయకుడి పేజీల్లోనే.

అబ్దుర్ రజాక్ "దణాయక్" అన్నది దండనాయకుణ్ణి, చరిత్రకారులు లక్కన్న దండనాయకుడని గుర్తించారు, సింహళం మీదికి ఓడలు నడిపినవాడు. దివాన్‌ఖానాలో కూర్చుని న్యాయం చెప్పేవాడు. ఆ కచేరీలో రెండు రకాల రాతలు ఉండేవట. ఒకటి తాటాకు మీద గంటంతో గీసేది, రెండోది నల్లగా చేసిన పలక మీద మెత్తటి తెల్లరాయితో రాసేది, అదే ఎక్కువ కాలం నిలుస్తుందని ఆయన రాశాడు. మన పాత కరణాల ఇళ్ళల్లో ఉండే కడితం ఇదే! గుమాస్తా కన్ను గుమాస్తా కన్నే, ఏ దర్బారుకి వెళ్ళినా ముందు కాగితం ఎలా రాస్తున్నారో చూస్తుంది.

ఆయన కాలికట్‌లో ఉన్నప్పుడే ఇక్కడ ఘోరం జరిగింది. రాజు తమ్ముడు కొత్త ఇల్లు కట్టి పెద్దలందరినీ విందుకి పిలిచాడు. డప్పులు, బాకాలు మోగుతుంటే ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి చంపించాడు. తరవాత తాంబూలం పళ్ళెంతో రాజు దగ్గరికే వెళ్ళి పొడిచాడు. రాజు సింహాసనం వెనక పడిపోయాడు, చచ్చాడనుకుని తమ్ముడు బయటికెళ్ళి రాజ్యం నాదని ప్రకటించాడు. రాజు లేచి కేకేశాడు, భటులు తమ్ముణ్ణి అక్కడే నరికేశారు. అంటే అబ్దుర్ రజాక్‌కి విసనకర్ర ఇచ్చిన రాజు గాయం మాని ఎన్నో నెలలు కాలేదు. ఇది కలిపి చదవకపోతే ఆ దర్బారు మీద కమ్ముకున్న టెన్షన్ మనకి తెలియదు. దానికి తోడు బహమనీ సుల్తాను ఏడు లక్షల వరహాలు కడతావా, సైన్యాన్ని పంపనా అని కబురు పెట్టాడు. దండనాయకుడు యుద్ధానికి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే ఆయన స్థానంలో కూర్చున్న అధికారి ఏం చేశాడో తెలుసా, రాయబారి రోజువారీ బత్తెం కోసేశాడు. అదే సమయంలో హోర్ముజ్ వాళ్ళు ఒక మాట ఊళ్ళో వదిలారు, ఈయన షారుఖ్ పంపిన రాయబారే కాదు, ఎవడో వర్తకుడు ఉత్తరం పట్టుకుని వచ్చాడు అని. మాట రాజు దాకా వెళ్ళింది. ఆలోచించండి, హెరాత్‌కి మనిషిని పంపి నిజమో కాదో కనుక్కురావాలంటే ఏడాది పైన పడుతుంది. ఫోన్ లేదు, పాస్‌పోర్టు లేదు. నేను నిజమైన రాయబారినే అని ఆయన ఎలా నిరూపించుకోవాలి? ఆ పేజీల్లో ఆయన కోపం, అవమానం, బత్తెం కోసిన అధికారి మీద కసి అన్నీ ఉన్నాయి. దండనాయకుడు తిరిగొచ్చి ఆ అధికారిని చీవాట్లు పెట్టి, అదే రోజు టంకశాల మీద డబ్బుకి చీటీ రాసిచ్చాకే మనిషి మళ్ళీ తేరుకున్నాడు. టంకశాల, దణాయకుని ఆవరణ పక్కపక్కన ఉన్న ఆ చోట నిలబడి నేను ఆ చీటీ గురించి చాలాసేపు ఆలోచించాను. గైడు పెద్దాయన కథంతా విని, "బత్తెం కోసినోని పేరు కూడా రాసి పెట్టినాడా సార్?" అన్నాడు. రాసి పెట్టాడు. ఆరు వందల ఏళ్ళ తరవాత కూడా ఆ పేరు అలాగే ఉంది.

సాయంత్రం పుట్టి ఎక్కి తుంగభద్ర దాటి ఆనెగొంది వైపు వెళ్ళొచ్చాం. నీళ్ళు తక్కువగా ఉన్నాయి.

శనివారం, తిరుగు రైలు

గుంతకల్లు వైపు రైల్లో చివరి పేజీలు. రాజు వీడ్కోలు చెప్తూ దాచకుండా అన్నాడట, నువ్వు నిజంగా ఆ పెద్ద రాజు పంపినవాడివి కాదంటున్నారు, లేకపోతే ఇంకా గొప్పగా మర్యాద చేసేవాళ్ళమని. అనుమానం తీరలేదు. అయినా కానుకలతో ఇద్దరు రాయబారుల్ని, ఖ్వాజా మసూద్, ఖ్వాజా మహమ్మద్ అనే ఖురాసాన్ వాళ్ళని, ఆయన వెంట హెరాత్‌కి పంపాడు. అనుమానం ఉన్నా తలుపు మూసెయ్యకపోవడం, నాకు తెలిసి దౌత్యం అంటే ఇదే. 1443 డిసెంబరులో విజయనగరం వదిలి, 1444 మొదట్లో హొన్నావర్‌లో ఓడెక్కారు. నడిసముద్రంలో తుఫాను, ఏడుపులు, మొక్కులు. మసూద్ దారిలోనే చనిపోయాడు. ఏప్రిల్‌లో హోర్ముజ్ చేరారు.

షారుఖ్ ఆయన్ని 1446లో గీలాన్‌కి పంపాడు, ఆ తరవాత ఈజిప్టుకి పంపాలనుకున్నాడు కానీ 1447లో షారుఖ్ చనిపోయాడు. తరవాత సింహాసనం కోసం కొట్లాటలు, చేతులు మారిన దర్బార్లు. 1463 నుంచి హెరాత్‌లో షారుఖ్ కట్టించిన ఖాన్ఖాకి, అంటే సూఫీల మఠానికి, పెద్దగా ఉండి, 1482లో అక్కడే పోయాడు. 1304 నుంచి 1470 దాకా నడిచే తన పెద్ద చరిత్ర గ్రంథాన్ని ఈ చివరి కాలంలోనే పూర్తి చేశాడు, అందులో ఒక భాగమే ఈ ప్రయాణం. గడ్డం రాని రాజు, గులాబీలు, కిచిడీ ముద్దలు, బత్తెం కోత, అన్న చావు, అన్నీ పాతికేళ్ళ తరవాత కూడా ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి.

మీరు చదవాలనుకుంటే హంపి పేజీ నుంచి మొదలుపెట్టకండి. హోర్ముజ్‌లో ఓడెక్కిన చోటు నుంచి మొదలుపెట్టండి. హంపి వెళ్తే దణాయకుని ఆవరణకి, అహ్మద్ ఖాన్ మసీదుకి ఒక పూట కేటాయించండి, రెండూ మామూలు ప్యాకేజీ టూర్లలో ఉండవు, ఆటో అన్నకి ముందే గట్టిగా చెప్పాలి. ఎండాకాలం వెళ్ళేవాళ్ళయితే పొద్దున ఆరింటికే మొదలుపెట్టి పదకొండుకి నీడ పట్టున చేరండి.